లోపలి గది మీట

కృపమణి మంచాన పడ్డప్పుడు, జ్ఞానరాజు పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, ఉచితంగా దొరికే ప్రోగ్రాములతో ఇంట్లో ఒక ఏర్పాటు చేశాడు. లోపలి గదిలో భార్య మీట నొక్కితే ఆ కంప్యూటర్ నుంచి హాల్లో టీవీలో నడిచే సినిమా ఆగిపోయేది. అతను లేచి వెళ్లేవాడు. ఒక రాత్రి సినిమా మాటిమాటికీ ఆగుతుంటే విసుగొచ్చి మీటను అలాగే ఉంచి, కంప్యూటర్‌లో ఆ ఏర్పాటు ఆపేశాడు. తెల్లారి చూస్తే ఆమె వేలు మీట మీదే ఉంది, చల్లగా.

మట్టి చేసి వచ్చాక మీటనూ తీగనూ పీకేశాడు. కంప్యూటర్‌లో అంతా చెరిపేసి మళ్లీ కొత్తగా వేశాడు. ఈ రాత్రి, తోడుగా ఉన్న చెల్లెలు దీవెన అడిగితే సినిమా పెట్టాడు. కాసేపటికి బొమ్మ ఆగింది.

"ఏమన్నా, ఆపితివే?"

"నేను ఆపలేదుమ్మా."

"అయితే నీ కంప్యూటర్‌కు నిద్రొచ్చినట్టుండాది. మల్ల పెట్టు."

పెట్టాడు. మళ్లీ ఆగింది. వీధిలో కుక్క కూడా మొరగడం లేదు. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దీవెన నవ్వడం మానేసి అన్న ముఖంలోకి చూసింది.

ఈసారైనా లేచి వెళ్లాలనుకున్నాడు జ్ఞానరాజు. ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నచోటే ఉండిపోయాడు.

చాలాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే సినిమా మళ్లీ నడిచింది, పిలిచి పిలిచి ఇక ఊరుకున్నట్టు.