ఆరొందల పాయింట్లా, వెయ్యా?

హర్ష అమ్ముతున్న రిసార్టు ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఫొటో, అమలాపురంలో ఒకపూట అద్దెకి తీసుకున్న ఏసీ హాలు, వచ్చినవాళ్ళకి ఉచితంగా బిర్యానీ.

బిర్యానీ తిన్నవాళ్ళు తిన్నట్టే జారుకున్నారు. రాజోలు వైపు నుంచి వచ్చిన సాలమోను మాస్టారు, ఆయన భార్య మేరీరత్నం మాత్రం మిగిలారు. మాస్టారు రిటైరై నాలుగు నెలలైంది. చేతికొచ్చిన డబ్బుతో, వానొస్తే కారిపోయే వంటింటికి కొత్త కప్పు వేయించాలని ఆవిడ మూడేళ్ళ కోరిక. ఇకనైనా కాస్త సుఖపడాలని ఆయన కోరిక. ఇంట్లో ఆయన పడ్డ కష్టమేమిటని మాత్రం అడక్కండి. వీధి వరండాలోని పడక్కుర్చీ దగ్గరికే కాఫీ వస్తుంది, కంచమూ వస్తుంది.

హర్ష తెర మీద ఫొటో వేశాడు. కాలువ, కొబ్బరిచెట్లు, ఒడ్డున పెంకుటిల్లు, దాని మీద ఒక పక్కగా నీలం కప్పు. దాని కింద కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తున్న ఒకావిడ వీపు.

“కేరళ సార్. మావాళ్ళు పడవలోంచి తీశారు. ఆరొందల పాయింట్లు కొంటే ఏడాదికి వారం రోజులు అక్కడ ఉండొచ్చు, వెయ్యి కొంటే రెండు వారాలు. ఎన్ని రాయమంటారు?”

మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. “ఎంత బాగుందండీ! మన కోనసీమా ఉంది, ఎందుకూ? ఇలాంటి చోటు ఒక్కటైనా ఉందా?”

మేరీరత్నం ఆ ఫొటోకేసి చాలాసేపు చూసింది. “ఆ నీలంది ఏంటండి?”

“స్పా మేడమ్.”

“ఆవిడెవరండి?”

“వంటమనిషి. పాయింట్లతోపాటు ఫ్రీ. నాలుగింటికే లేస్తుంది, అడిగిందల్లా వండి పెడుతుంది, జీతం మాటే ఎత్తదు.”

“ఆయ్. ఆవిడకి సెలవులేవన్నా ఉంటాయాండి?”

“సెలవా?” అంటూ హర్ష నవ్వాడు. మాస్టారూ నవ్వారు.

“చూసేవా రత్నం, పనంటే అలా చెయ్యాలి. ఆవిణ్ణి చూసి నేర్చుకో. వెయ్యి రాసేయండి బాబూ.”

వెయ్యి పాయింట్లంటే నాలుగు లక్షలు. హర్ష కలం మూత తీశాడు. చెక్కుబుక్కు మేరీరత్నం సంచీలో ఉంది. ఆవిడ సంచీ తెరిచింది కానీ చెయ్యి లోపలే ఉంచింది.

“ఆ ఇల్లు మీదేననీ, ఆ వంటమనిషి మీ మనిషేననీ కాగితమ్మీద రాసిస్తారాండి? ఆ ఫొటో కూడా అంటించండి.”

“అదెంత పని మేడమ్!” హర్ష చకచకా రాసి, కరపత్రంలోంచి అదే ఫొటో కత్తిరించి అంటించి, సంతకం పెట్టి, కంపెనీ ముద్ర కూడా గుద్ది ఇచ్చాడు.

ఆవిడ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచీలో దాచుకుంది. బయటికి మాత్రం చెక్కుబుక్కు తియ్యలేదు, ఫోను తీసింది.

“ఇప్పుడు ఫోనెవరికే?” అని మాస్టారు విసుక్కున్నారు.

“పోలీసులకండి,” అంది మేరీరత్నం. “మీరు ఏనాడూ తొంగి చూడలేదు గానీ అది మన దొడ్డి, ఆ నీలంది కారుతున్న మన వంటింటి మీద కప్పిన బరకం, ఆ వంటమనిషిని నేనేనండి.”