ప్రతి లెక్కా రెండుసార్లు

"ఆ ఫోన్ ఇలా ఇవ్వండి" అంది బిందుమాధవి.

ఆమె కొడుకుకి ట్యూషన్ చెబుతున్న స్రవంతి ఉలిక్కిపడింది. పుస్తకం పక్కన బోర్లించిన ఫోన్ అంచున సన్నని వెలుతురు కనిపిస్తోంది.

"ఇంటి నుంచి మేడమ్. జర అర్జెంటు."

"రోజూ అర్జెంటేనా? నెల నుంచీ చూస్తున్నాను. రాగానే ఎవరికో కాల్ కలిపి ఫోన్ బోర్లా పెడతారు. పైగా చెప్పిన లెక్కే మళ్లీ చెప్పి గంట గడిపేస్తారు. మా వాడికి ఒక్కసారికే అర్థమవుతుంది. ఆ రెండోసారి దేనికండీ?"

ఏడో తరగతి చదివే కొడుకు తలెత్తలేదు.

"ఈ ఎల్బీనగర్‌లనే ఇంకా రెండిండ్లకు పోవాలె మేడమ్. బడంగ్‌పేట్‌ల మా ఇల్లు చేరేసరికి పది దాటుతది. అప్పటికి..."

స్రవంతి మాట పూర్తికాకముందే బిందుమాధవి ఫోన్ లాక్కుంది. తెర మీద 'ఇల్లు' అని ఉంది. కాల్ మొదలై నలభై నిమిషాలు.

"వద్దు మేడమ్, దండం పెడ్త" అంటూ స్రవంతి కుర్చీలోంచి లేచింది. ఆ కంగారు చూశాక బిందుమాధవికి అనుమానం ఇంకా గట్టిపడింది.

"ఆ ఇంట్లో ఎవరున్నారో నేనే వింటాను" అని స్పీకర్ నొక్కింది.

అవతల నోటుబుక్కులో కాగితం తిప్పిన చప్పుడైంది. తర్వాత ఓ ఆడపిల్ల గొంతు, ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా పలికింది.

"అమ్మా, ఆగినవేంది? ఆ పిలగానికి చెప్పుడు అయిపోయింది గదా. ఇగ నాకు చెప్పు."