చీజ్‌లో సగం

"పాపాయి తల్లీ! ఏంటలా నిలబడిపోయావు? లోపలికి రావా?"

అనెకా ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

టోకు దుకాణం సభ్యత్వ కౌంటర్ ముందు పావుగంటగా ఫారం పట్టుకుని తటపటాయిస్తోంది ఆమె.

పిలిచినావిడకి అరవై ఉంటాయి. ఉంగరాల జుట్టు, ఎండ టోపీ.

"ఏడాదికి కట్టాలంటున్నారు. ఏడాది ఇక్కడ ఉంటానో లేదో నాకే తెలీదు," అంది అనెకా, వచ్చీరాని కొరియన్‌లో.

"ఏం కొనాలి?"

"చీజ్."

"దానికి కార్డెందుకు? నా కార్డు మీద ఇద్దర్ని తీసుకెళ్లొచ్చు, పద. ఇక్కడ అన్నీ గంపెడు ప్యాకెట్లు. ఒంటిగదిలో నీ ఫ్రిజ్ ఎంతుంటుంది? సగం నువ్వు తీసుకో, సగం నేను."

అలా ఏప్రిల్లో మొదలైంది.

దక్షిణాఫ్రికా నుంచి కొరియాలోని చోంగ్జు వచ్చి, ఒక ట్యూషన్ సెంటర్లో ఇంగ్లిష్ చెబుతోంది అనెకా. కూతురు లీసల్ ఒకటో తరగతి. బడిలో అందరికీ ఒకటే భోజనం, ఇంటి నుంచి డబ్బా పంపకూడదు. అన్నం, పులుసు, కిమ్చీ పచ్చడి, దేన్నీ ముట్టేది కాదు ఆ పిల్ల. ఒక్క మార్చిలోనే రెండు కిలోలు తగ్గింది.

"వేసవి దాటేలోగా బరువు పెరగకపోతే మీ దేశం తీసుకెళ్లిపోండి," అన్నాడు డాక్టర్.

అక్కడ అనెకాకి ఉద్యోగం లేదు.

రెండు వారాలకోసారి శనివారం ఆవిడ అదే చోట ఎదురుచూసేది. కొన్నాక, చేతిసంచిలోంచి కత్తెర తీసి ప్యాకెట్ కోసి, చీజ్ ముక్కలు సమంగా పంచేది. డబ్బు కూడా చెరిసగం.

"అబ్బబ్బ, మడమల కంపు! ఎలా తింటారమ్మా దీన్ని!" అని ముక్కు మూసుకునేది.

"మరి మీకెందుకు?"

"తినేవాళ్లున్నార్లే."

అనెకాకి అర్థమయ్యేది కాదు. సెంటర్లో తనతోపాటు పాఠాలు చెప్పే డెస్మండ్‌కి చెప్పింది. అతను కెనడా వాడు. కొరియా వచ్చి తొమ్మిదేళ్లు.

డెస్మండ్ కుర్చీ దగ్గరికి జరిపాడు.

"ఊరూ పేరూ తెలీని ఆవిడ పనిగట్టుకుని నీతో చీజ్ పంచుకుంటోందా? పిచ్చిదానా! ముందు చీజ్, తర్వాత టీకి రమ్మంటారు, ఆ తర్వాత ప్రార్థన గది. మనలాంటి పరాయివాళ్లకే గాలం వేస్తారు. నా ఫ్రెండొకత్తె ఆర్నెల్లు బయటపడలేకపోయింది."

"ఆవిడ దేవుడి మాటే ఎత్తలేదయ్యా."

"మొదట్లో ఎత్తరు మరి. నీకు కూతురుందని నువ్వు చెప్పావా?"

అనెకా ఆలోచించింది. ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

"మొదటి రోజే పాపాయి తల్లీ అందా లేదా?"

అంది.

"అదీ సంగతి. ముందే వాకబు చేసుంటారు."

ఆ రాత్రి లీసల్‌ని అడిగింది. "బళ్లో ఏమన్నా తిన్నావా?"

"తిన్నానమ్మా."

రోజూ ఇదే జవాబు. అనెకా ఏ రోజూ నమ్మలేదు.

ఆగస్టు ఆఖరి వారం డాక్టర్ తూకం చూశాడు. రెండున్నర కిలోలు పెరిగింది.

"ఏం పెడుతున్నారో గానీ, అదే పెట్టండి," అన్నాడు.

ఏం పెట్టింది? సాయంత్రం పూట రెండు చీజ్ రొట్టెలు. దానికే ఇంత పెరిగిందా? ఏమైతేనేం, ఇక ఇక్కడే ఉండొచ్చు.

శనివారం కౌంటర్ దగ్గర ఫారం నింపి ఇచ్చేసింది.

"అయ్యో, నా కార్డుందిగా!" ఆవిడ రానే వచ్చింది. "సరేలే, మంచి పనే చేశావు. ఇవాళ నీకో మాట చెప్పాలి. అలా కూర్చుని టీ తాగుదామా?"

టీ అన్న మాట వినగానే అనెకా రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దండీ. మీ దేవుడూ వద్దు, మీ చీజూ వద్దు. మా అమ్మాయి జోలికి మాత్రం రావొద్దు."

ఆవిడ అయోమయంగా చూసింది. "ఏ దేవుడమ్మా?"

అనెకా మొహం తిప్పుకుంది.

ఆవిడ టోపీ తీసి మళ్లీ పెట్టుకుంది.

"చీజ్ వేడన్నం మీద వేసి పెట్టు. కరిగాక కలిపితే తింటుంది," అని వెళ్లిపోయింది.

బుధవారం లీసల్ టీచర్ బడికి రమ్మని ఫోన్ చేసింది.

"లీసల్ అమ్మగారూ, మూడ్రోజులుగా పాప పళ్లెం ముట్టుకోవడం లేదండీ."

"అది ఎప్పుడూ ముట్టుకోదు కదా?"

"అదేంటి? పోయిన శుక్రవారం దాకా శుభ్రంగా తిందిగా, మీరు పంపిన చీజ్‌తో."

"నేను పంపానా?"

టీచర్ కనుబొమలు ముడిచింది.

"బయటి తిండి పెట్టకూడదని ఆవిడకి నేను చెప్పానండీ. వాళ్లమ్మే ఇస్తోంది, బెంగపెట్టుకుని ఉంది, కాదనకండి అంది. గిన్నెలు కడిగే చోటు పక్కన కూర్చోబెట్టుకుని, మొదట ఉత్త చీజ్, తర్వాత చీజ్ మీద చెంచాడు అన్నం, ఆ తర్వాత రెండు చెంచాలు... అలా అలవాటు చేసింది."

"ఎవరు?"

"మీతో అంతా చెప్పి వెళ్తానందే! చెప్పలేదా?" టీచర్ ఫోన్ తీసి వెతుకుతోంది. "ఇరవై ఆరేళ్లు మా వంటగదిలో చేసి, శుక్రవారం రిటైరయింది. పాపని దింపడానికి వచ్చే మిమ్మల్ని రోజూ చూసేదిగా. ఆదివారమే ఊరు వదిలి అక్క దగ్గరికి వెళ్లిపోయింది. ఎక్కడో సముద్రం పక్కన. ఊరి పేరు నాకూ తెలీదు. ఇదిగో, చూడండి."

ఫోటోలో రబ్బరు బూట్లతో, తెల్ల టోపీతో, నోరు తెరిచిన లీసల్‌కి ఎదురుగా చెంచా పట్టుకుని కూర్చుని ఉంది ఆ శనివారాల ఆవిడ.