నలుపు మధ్యన కాస్త వెలుగు

చిత్రకారుడి భార్య పొద్దున్నే పెట్టె సర్దేసుకుంది. చెల్లెలికి ఫోన్ కూడా చేసింది.

"సాయంత్రానికి వచ్చేస్తానే. ఇక నా వల్ల కాదు."

"బావగారేమన్నారక్కా?"

"ఏమీ అనలేదు. అదే నా బాధ."

ఆరు నెలలుగా ఆయనది ఇదే వరస. పక్కన కూర్చుంటే మనిషి ఉన్నట్టే ఎంచడు. కాఫీ అందిస్తే చెయ్యి చాపడు. పెళ్ళయిన కొత్తలో ఆమె జడనే పాతిక బొమ్మలు వేసిన మనిషి. ఆ జడ మెడదాకా కత్తిరించుకొస్తే ఒక్క మాటైనా అనలేదు. మొన్న మార్కెట్లో భుజం భుజం రాసుకున్నా, పరాయిదాన్ని దాటినట్టు దాటిపోయాడు.

"నేనంటే విసుగొచ్చిందా?" అని నిన్న అడిగేసింది.

"పిచ్చి మాటలు," అన్నాడు, కిటికీ మీంచి చూపు తిప్పకుండా.

పగలంతా మేడమీద గదిలో కొత్త బొమ్మతోనే సరి.

పన్నెండింటికి గ్యాలరీ యజమాని వచ్చాడు. బొమ్మను తనే కిందికి మోసుకొచ్చి, హాల్లో గోడకానించి, అలా చూస్తూ ఉండిపోయాడు. కాన్వాసంతా చిక్కటి నలుపు, అక్కడక్కడ ముదురు నీలం. ఇళ్ళు ఉత్త పలకల్లా ఉన్నాయి. మనిషి జాడ లేదు. ఆకు కదలదు. నట్టనడుమ మాత్రం గుండ్రంగా కాస్త వెలుగు. అందులో ఎదురింటి తలుపు, రెండు మెట్లు.

"అబ్బ! రాత్రిని ఇంత నిశ్చలంగా పట్టుకున్నవాణ్ణి నేను చూడలేదమ్మా. నిద్ర మానుకుని వేసుంటారు."

"ఎనిమిదింటికల్లా పడుకుంటారండీ," ఆమె ముక్తసరిగా అంది. ఆ బొమ్మను చూస్తేనే ఒళ్ళు మండుతోంది. తనకు దక్కని చూపంతా దానికే దోచిపెట్టాడు.

"పేరేం పెట్టాలో కాస్త కనుక్కోండి. 'రాత్రి' అంటే చాలదూ?"

ఎలాగూ వెళ్తున్నానని చెప్పాలి. రెండూ ఒకేసారి తేలిపోతాయని మేడెక్కింది.

ఆయన కిటికీ ముందు కూర్చుని ఉన్నాడు. కింద వీధిలో ఎండ ఫెళ్ళున కాస్తోంది. బడి వదిలిన పిల్లలు గోలగోలగా పోతున్నారు.

"బొమ్మకి 'రాత్రి' అని పేరు పెడతారట," అంది గుమ్మంలోనే నిలబడి.

ఆయన కిటికీ వైపే చూస్తూ అన్నాడు:

"రాత్రేమిటే... ఈమధ్య నాకు మిట్టమధ్యాహ్నం మన వీధి అలాగే కనిపిస్తోంది."