వేడి చేసింది

"నాకూ ఓ గ్లాసు మజ్జిగియ్యత్తా. ఆయన లాగే నాకూ వేడి సేసింది. ఒంటేలుకెళ్తే మంటగున్నాది" అంది పుష్ప, గొంతు తగ్గించి.

గున్నమ్మ నవ్వింది.

"ఆడంటే మస్కట్ ఎండల్లో గోడలు కట్టొచ్చేడు. మూన్నెల్లయినా ఆ వేడి దిగనేదు. గుణుపురం దాటని దానివి, నీకేటి వేడే అమ్మీ?"

అన్నాక ఆ మాట ఆమెకే అదోలా వినిపించింది. చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నించి?"

"ఆయనొచ్చిన వారానికే మొదలయ్యింది." పుష్ప చెయ్యి మూడో నెల కడుపు మీద ఉంది.

మంచం మీద ఆమె మొగుడు ఢిల్లీశ్వరరావు తాగుతున్న మజ్జిగ గ్లాసు దించాడు.

"మస్కట్‌లో ఆడోళ్ల కాడికెళ్లేవేట్రా?" గున్నమ్మ కొడుకు వైపు తిరిగింది.

"రూములో అందరూ ఎల్తే... నానూ ఎల్లేనమ్మా. మంట ఎండకే అనుకున్నాను."

గున్నమ్మ గుమ్మం వైపు చూసింది. అక్కడ పెద్దకూతురు భవాని వేళ్లతో తడుముకుంటూ చింతపండులో గింజలు తీస్తోంది.

"మీ నాయిన కలకత్తా మిల్లు నించొచ్చినప్పుడూ వేడే అన్నాడ్రా. నాకూ మంటే. కడుపుతో ఉండి మజ్జిగ తాగి ఊరుకున్నాను. మీ యక్క పుట్టిన మూడోనాడే సీము కట్టి కళ్లు పోయేయి. దిష్టనుకున్నాం."

కుండలో మజ్జిగంతా వాకిట్లో గుమ్మరించింది.

"లెగండి ఇద్దరూ. ఆసుపత్రికి."

చప్పుడు విని భవాని తల తిప్పింది.

"మజ్జిగ పారబోసేవేటమ్మా? అందులో ఏటి పడింది?"