గబ్బిలం కట్టిన గూడు

పేరు గుర్తులేని ఒక తోటలో గాలివానకు పిట్టల గూళ్ళన్నీ కొట్టుకుపోయాయి. ఆ తోటకు నెమలే పెద్ద. "తొందరపడి కట్టకండి. రాబోయే కాలపు గూడు ఎలా ఉండాలో ముందు పరిశోధన జరగాలి" అని ఆ పని గబ్బిలానికి అప్పగించింది.

గబ్బిలం పుట్టి బుద్ధెరిగి గూట్లో ఉండలేదు. అయినా పిట్టలన్నీ దాని తిండికి రోజూ జామపళ్ళు, పనికి తోటలో ఉన్న గడ్డిపోచలన్నీ తెచ్చిచ్చాయి.

నెల తర్వాత నమూనా గూడు కొమ్మకు వేలాడింది. దాని నోరు నేలవైపు ఉంది.

గుడ్డు పెట్టే ఘడియ దగ్గరపడ్డ పిచ్చుక అడిగింది: "బావుంది గానీ గబ్బిలంగారూ, ఇందులో గుడ్డు ఎలా నిలుస్తుందండీ?"

"లోపం నీ చూపులో ఉంది పిచ్చుకమ్మా. నాలాగా వేలాడి చూడు."

నెమలి ఆయాసపడుతూ తలకిందులుగా వేలాడి చూసి, "అద్భుతం!" అంది. మిగతా పిట్టలూ వేలాడి, అద్భుతమే అన్నాయి.

పిచ్చుకకు ఆగే వ్యవధి లేదు. గూటిని తిరగేసి, కొమ్మల పంగలో ఇరికించి, అందులో గుడ్డు పెట్టి పొదగసాగింది.

మర్నాడే నెమలి సభ పెట్టి తీర్మానం చేయించింది. పిచ్చుక తలకిందులుగా ఎందుకు కాపురం చేస్తోందో పరిశోధించడానికి గబ్బిలానికి మరో ఏడాది జామపళ్ళు ఇవ్వాలి. మొదటి పండు పిచ్చుకే తేవాలి.