ఒప్పుకోలు

“ఇది తాగుడు కాదమ్మా,” అన్నాడు తెనాలి డాక్టరు స్కాన్ రిపోర్టు చూపిస్తూ.

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని భర్త అంద్రెయకు దూరంగా కూర్చుంది ఎస్తేరు. “కాకపోవడమేంటండి! పొద్దున్నే చెమటలు కక్కుతా తూలతాడు, వాగుతాడు. పంచదార టీ పోస్తే దిగిపోద్ది. చూస్తే కంపరం పుడతందండి.”

“కడుపు వెనకుండే పాంక్రియాస్ గ్రంథిలో బఠాణీ అంత గడ్డ ఉంది. ఇలాంటి గడ్డల్నే పట్టే ప్రత్యేకమైన స్కాన్‌లో దొరికింది. అది ఇన్సులిన్ ఎక్కువగా వదులుతోంది. రాత్రంతా తినకపోయేసరికి షుగరు పడిపోయి అలా అవుతున్నాడు. ఆపరేషన్‌తో తీసేయొచ్చు.”

ఎస్తేరు భర్త వైపు తిరిగింది. “మరి మొన్న చర్చిలో అందరి ముందూ మోకాళ్ళూని, తాగానని ఎందుకొప్పుకున్నావు?”

“పొద్దున జరిగేది నాకు గుర్తుండదు. తాగావని నువ్వన్నావు. నువ్వు అబద్ధమాడతావా అనుకున్నాను.”

“ఆయన నోరు ఎప్పుడైనా తాగిన వాసన వచ్చిందా అమ్మా?” డాక్టరు అడిగాడు.

రోజూ పొద్దున్నే దవడలు నొక్కి పట్టుకుని ఆ నోరు వాసన చూసేది ఎస్తేరే.

ముక్కు మీది కొంగు తీసేసింది.

“ఒక్కనాడూ రాలేదండి.”